కింద దురదగా ఉందా? ట్యూబు అడిగే ముందు ఇవి చూసుకోండి

తిరుపతిలో కొర్లగుంట దగ్గర మాకు చిన్న మందుల షాపు ఉంది. నేను ఫార్మసిస్టుని. జ్వరానికి, గ్యాస్‌కి మందు కావాలన్నవాళ్లు మెట్టెక్కక ముందే గట్టిగా అడిగేస్తారు. ఈ విషయానికి వచ్చినవాళ్లు మాత్రం షాపు ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి షాంపూ ప్యాకెట్ల మీద రేట్లు చదువుతుంటారు. ఆడవాళ్లు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "అక్కా, తెల్లబట్ట అవుతా ఉంది, దురద" అంటారు. మగవాళ్లు మా ఆయన కోసం చూస్తారు. ఆయన లేకపోతే "దురదకి ఒక ట్యూబు ఇయ్యక్కా" అంటారు, ఎక్కడ దురదో చెప్పరు.

ఎక్కడో, ఎలాంటిదో తెలియకుండా ట్యూబు ఇస్తే అది తగలొచ్చు, తగలకపోవచ్చు. చాలాసార్లు తగలదు. అమెరికాలో 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, తమకు ఈస్ట్ ఇన్ఫెక్షనే అనుకుని సొంతంగా మందు కొనుక్కున్న 95 మంది ఆడవాళ్లను పరీక్షించారు. అచ్చంగా ఈస్ట్ మాత్రమే ఉన్నది వాళ్లలో మూడో వంతు మందికే. చదువుకుని, డబ్బా మీద రాసింది చదివి కొన్నవాళ్ల సంగతే అలా ఉంటే, పేరు చెప్పడానికే సిగ్గుపడే మన సంగతి చెప్పక్కర్లేదు. అందుకే కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పలేనివన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఏంటి?

కాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. బయటి నుంచి వచ్చి అంటుకునేదే కానక్కర్లేదు. చాలామందికి నోట్లో, పేగుల్లో, చర్మం మీద, ఆడవాళ్లకు యోనిలో కొద్దిగా ఉంటూనే ఉంటుంది, ఏ ఇబ్బందీ పెట్టదు. యోనిలో ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని అదుపులో పెడుతుంది. ఆ అదుపు తప్పినప్పుడు అది పెరిగిపోతుంది. యాంటిబయాటిక్స్ వాడినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, షుగర్ ఎక్కువైనప్పుడు, స్టెరాయిడ్ మాత్రలు వాడేటప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఇది జరుగుతుంది. ప్రతి నలుగురు ఆడవాళ్లలో దాదాపు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది.

దీన్ని సుఖరోగాల లెక్కలో వేయరు. పెళ్లికాని అమ్మాయిలకూ వస్తుంది, భర్త గల్ఫ్‌లో ఉన్న ఆవిడకూ వస్తుంది. కలయిక వల్ల ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునే అవకాశం కొద్దిగా ఉంది కానీ, ఇది వచ్చిందని మొగుడి మీదో పెళ్లాం మీదో అనుమానపడి ఇంట్లో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు.

ఇంకొకటి, "వేడి చేసింది" అనే మాట. ఎండాకాలంలో మా షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది చెప్పే కారణం అదే. సబ్జా నీళ్లు, మజ్జిగ, బోండాం నీళ్లు తాగండి, ఒంటికి మంచిదే. దాంతో ఈ ఫంగస్ మాత్రం పోదు. మే నెలలో ఇది ఎక్కువ కనిపించేది చెమటతో, గాలి తగలని బట్టల్లో చర్మం నానిపోవడం వల్ల.

ఆడవాళ్లు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు దురద. ఈస్ట్ అయితే దురద బాగా ఉంటుంది, రాత్రి నిద్ర పట్టనంత. యోని బయటి భాగం ఎర్రబడి వాచినట్టు ఉంటుంది, ఒక్కోసారి చర్మం సన్నగా చీరుకుంటుంది. మూత్రం పోసేటప్పుడు మంట ఉంటుంది, కానీ ఆ మంట లోపల కాదు, మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు. కలయికప్పుడు నొప్పి. తెల్లబట్ట చిక్కగా, విరిగిన పాల ముక్కల్లా ఉంటుంది. కొంతమందికి తెల్లబట్ట పెద్దగా ఉండదు, దురద, మంట మాత్రమే ఉంటాయి. నెలసరికి ముందు వారంలో ఇది ఎక్కువవడం మామూలే.

వాసన సంగతి గుర్తుపెట్టుకోండి. ఈస్ట్‌కి చెడువాసన ఉండదు. పలచగా, బూడిద రంగులో అవుతూ చేపల వాసన వస్తుంటే, అదీ కలయిక తర్వాత ఎక్కువవుతుంటే, అది బ్యాక్టీరియాకి సంబంధించింది. పసుపో పచ్చో రంగులో నురగతో వాసన వస్తుంటే ట్రైకోమోనాస్ అనే క్రిమి కావచ్చు. అది కలయికతో అంటేదే, భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. ఈ రెండిటికీ ఫంగస్ క్రీము పనిచేయదు. లోపలి నుంచే మూత్రం మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి మూత్రం పరీక్ష చేయించాలి.

ఏ దురదా మంటా లేకుండా తెల్లగా, నీళ్లలా లేదా జిగటగా సాగుతూ అవుతుంటే అది జబ్బే కాదు. నెల మధ్యలో అండం విడుదలయ్యేటప్పుడు ఎక్కువవుతుంది, గర్భంతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. "ఎముకలు కరిగి పోతా ఉన్నాయంట" అని కూతుర్ని వెంటబెట్టుకొచ్చే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. అమ్మా, తెల్లబట్టలో ఎముకలు కరిగి పోవు. ఆ పిల్ల నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించండి, కారణం అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

మగవాళ్లు ఏం చూసుకోవాలి

మగవాళ్లకి కూడా వస్తుంది. ఇది నమ్మించడమే పెద్ద పని. అంగం ముందు భాగం మీద ఎర్రటి మచ్చలు లేదా చిన్న చిన్న పొక్కులు, చర్మం నిగనిగలాడుతూ ఉండటం, దురద, మంట, ముందు చర్మం కింద తెల్లగా పేరుకోవడం దీని గుర్తులు. ముందు చర్మం అంచు చుట్టూ సన్నటి చీలికలు పడతాయి. సున్తీ కాని వాళ్లలో ఎక్కువ, ఎందుకంటే ఆ చర్మం కింద తడి నిలుస్తుంది. మునుపు సులువుగా వెనక్కి వచ్చే చర్మం ఇప్పుడు బిగుసుకుపోయి రావడం లేదంటే అది ఊరికే వచ్చింది కాదు, చూపించుకోవాలి. బలవంతంగా లాగొద్దు. లాగితే వెనక్కి వెళ్లి అక్కడే బిగుసుకుపోయి అంగం వాచిపోతే అది ఎమర్జెన్సీ, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి.

మగవాళ్లు ఎక్కువగా పొరబడేది గజ్జల్లో తామరతో. తామర తొడ లోపలివైపు గుండ్రంగా, అంచు ఉబ్బెత్తుగా, పొట్టు రాలుతూ విస్తరిస్తుంది. నడుం, పిరుదులు కూడా ఎక్కుతుంది. రోజంతా సీటు మీదే ఉండే ఆటో అన్నలు, నగరి వైపు మగ్గాల దగ్గర కూర్చునేవాళ్లు నాకు చెప్పే దురద చాలావరకు ఈ తామరే. దానికి వారాల తరబడి మందు పడుతుంది, చర్మం డాక్టరు చూడాలి. ఇంటిల్లిపాదికీ దురద ఉండి, రాత్రిపూట ఎక్కువవుతూ, వేళ్ల సందుల్లో కూడా ఉంటే అది గజ్జి. అంగం రంధ్రం నుంచి చీములా కారుతున్నా, పుండు ఉన్నా అది వేరే కథ, ఏ ట్యూబూ కొనకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

షుగర్ సంగతి

నలభై దాటిన మగమనిషి మొదటిసారి ఈ దురదతో వచ్చాడంటే నేను మొదట అడిగేది "అన్నా, షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?" అని. "నాకెందుకుంటుందమ్మా" అంటారు చాలామంది. షుగర్ ఉందని తెలియక ముందే ఈ దురదతో బయటపడేవాళ్లు ఉన్నారు. మూత్రం పోసినచోట చీమలు పడుతున్నాయని పాతకాలం వాళ్లు గుర్తుపట్టింది కూడా దీన్నే. రక్తంలో చక్కెర బాగా పెరిగితే మూత్రంలోకి దిగుతుంది, ఆ చర్మం మీద మిగిలిపోతుంది, ఈస్ట్‌కి అదే తిండి. పరగడుపున 126, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 ఉన్నా, అంతకు మించినా షుగర్ ఉన్నట్టే లెక్క, మళ్లీ ఒకసారి చూసి ఖాయం చేస్తారు. పీహెచ్‌సీలో, ఊళ్లో విలేజ్ క్లినిక్‌లో వేలి చుక్కతో చూస్తారు. దానికి తిరుపతి దాకా రానక్కర్లేదు.

ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్లు మీ స్ట్రిప్పు తిప్పి వెనకాల చదవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఉందా? ఈ మందుల పనే చక్కెరని మూత్రంలోకి పంపించడం. గుండెకి, కిడ్నీకి చాలా మంచి మందులు. పేటెంట్లు అయిపోయి రేట్లు దిగాక బాగా రాస్తున్నారు. వీటితో కింద ఈస్ట్ రావడం తెలిసిన సైడ్ ఎఫెక్టే, ఆడవాళ్లకి మరీ ఎక్కువ. అలాగని మీ అంతట మీరు ఆపేయొద్దు, డాక్టరుకి చెప్పండి. మూత్రం పోసిన ప్రతిసారీ ఒక మగ్గు నీళ్లతో కడుక్కుని, మెత్తటి గుడ్డతో అద్దుకోవడం అలవాటు చేసుకోండి. బయట ఉన్నప్పుడు కనీసం టిష్యూతో. ఈ మందు వాడేవాళ్లకి మూత్రం పరీక్షలో చక్కెర కనిపిస్తూనే ఉంటుంది, అది చూసి టెన్షన్ పడక్కర్లేదు, రక్తంలో ఎంతుందో చూడాలి.

షుగర్ ఉన్నవాళ్లకి అంగం దగ్గర, వృషణాల కింద, మలద్వారం చుట్టూ విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం కలిసి వస్తే అది దురదల లెక్క కాదు. చాలా అరుదు, కానీ గంటల్లో ముదురుతుంది. తెల్లారేదాకా ఆగొద్దు.

తీపి తింటే వస్తుందా అని అడుగుతారు. షుగర్ లేనివాళ్లకి లడ్డూ తిన్నందుకు రాదు. హాయిగా తినండి.

ఏ ట్యూబు, ఎలా వాడాలి

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇక్కడే. మన దగ్గర దురదకి జనం పేరు పెట్టి అడిగే ట్యూబుల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఫంగస్‌కి ఒకటి, బ్యాక్టీరియాకి ఒకటి, వాటితో పాటు స్టెరాయిడ్. ఆ స్టెరాయిడే రెండు రోజుల్లో ఎర్రదనాన్ని, దురదని నొక్కేస్తుంది. "భలే పనిచేసిందక్కా" అంటారు. ఆపగానే తిరగబెడుతుంది, మళ్లీ అదే ట్యూబు. కొన్నాళ్లకి అక్కడి చర్మం పలచబడి, తొడల మీద చారలు పడి, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతూ ఉంటుంది. ఈ బెడద చూసే 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఏదైనా కనిపిస్తే డాక్టరు చీటీ రాయకుండా అక్కడ పూయొద్దు. క్లోట్రిమజోల్ అని ఒక్కటే ఉన్నది అడగండి. రేటు కూడా తక్కువే.

మగవాళ్లయితే క్లోట్రిమజోల్ ఒక శాతం క్రీము, కడిగి ఆరాక, పలచగా, రోజుకి రెండుసార్లు, ఒకటి రెండు వారాలు. దురద మూడో రోజుకి తగ్గినా కోర్సు ఆపొద్దు.

ఆడవాళ్లకి యోనిలో పెట్టుకునే మాత్రలు ఉంటాయి. 100 మిల్లీగ్రాములవి ఆరేడు రాత్రులు, 500 మిల్లీగ్రాములది ఒక్క రాత్రి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, శుభ్రమైన వేలితో లేదా ప్యాకెట్‌లో వచ్చే గొట్టంతో వీలైనంత లోపలికి పెట్టాలి. పడుకునే ముందైతే కారిపోదు. పొద్దున తెల్లగా పిండిలా కొంచెం బయటికి వస్తుంది, అది మందే, కంగారు పడొద్దు. నెలసరి మొదలయ్యేలోపు కోర్సు పూర్తయ్యేలా చూసుకుంటే మేలు. నేను ఈ స్ట్రిప్పు ఎవరికిచ్చినా వెనకాల పెన్నుతో "మింగకూడదు" అని పెద్దగా రాసిస్తాను. మాత్ర అనగానే నీళ్ల గ్లాసు అందుకునే అలవాటు మనది, పైగా వీటిలో కొన్ని చూడ్డానికి మామూలు మాత్రల్లాగే ఉంటాయి.

నోటితో వేసుకునేది ఫ్లుకోనజోల్ 150, ఒక్కటే డోసు. సులువని అందరూ ఇదే అడుగుతారు. గర్భంతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు. గ్లిమెపిరైడ్ వేసుకునే షుగర్ వాళ్లకి దీంతో కలిపితే షుగర్ పడిపోవచ్చు, వార్ఫరిన్ వాడే గుండె పేషెంట్లకి రక్తం మరీ పలచబడొచ్చు. అందుకే నేను చీటీ చూడకుండా ఇవ్వను. అటు పక్క షాపులో ఇచ్చేస్తారని నాకూ తెలుసు.

వెల్లుల్లి, పెరుగు, పసుపు, డెట్టాల్ నీళ్లు: వీటిలో ఏదీ లోపల పెట్టొద్దు, పోయొద్దు. డెట్టాల్‌తో కాలిన చర్మానికి మందు అడగడానికి వచ్చినవాళ్లని చూశాక చెప్తున్నాను.

మళ్లీ రాకుండా

యోని లోపలి భాగాన్ని కడగక్కర్లేదు, దాన్ని అదే శుభ్రం చేసుకుంటుంది. బయట మామూలు నీళ్లు చాలు. వాసన సబ్బులు, టీవీలో చూపించే వాష్‌లు, సెంటు ప్యాడ్లు మానేయండి. మగవాళ్లు స్నానంలో ముందు చర్మం నెమ్మదిగా వెనక్కి తీసి నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, మళ్లీ ముందుకి తెచ్చేయాలి. సబ్బు రుద్దితే అదే మంట తెస్తుంది.

లోపలి బట్టలు కాటన్‌వి, వదులువి. చాలా ఇళ్లలో ఆడవాళ్ల లోపలి బట్టలు బాత్రూం మూలలోనో, తీగ మీద చీర కిందో దాచి ఆరేస్తారు. నవంబరు ముసురులో అవి రెండు రోజులైనా ఆరవు, ఆ చెమ్మవే వేసుకుంటారు. ఎవరేమనుకుంటే మనకేంటి, ఎండలో ఆరేయండి. ఎండ లేకపోతే ఇస్త్రీ చేయండి.

కొండకి నడిచి వెళ్లేవాళ్లకి ఒక మాట. అలిపిరి దారిలో మూడున్నర వేల మెట్లు ఎక్కేసరికి ఒళ్లంతా చెమటతో తడుస్తుంది. ఆ బట్టలతోనే క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చుంటారు. సంచిలో ఒక జత పొడి లోపలి బట్టలు, చిన్న తువ్వాలు పెట్టుకోండి. పైకి చేరగానే స్నానమో, కనీసం తుడుచుకుని మార్చుకోవడమో చేయండి. అంగప్రదక్షిణ మొక్కున్నవాళ్లు పుష్కరిణిలో మునిగి తడిబట్టలతోనే చేయాలి, అది తప్పదు. అయిపోయాక ఆ తడి పంచె, తడి చీర ఒంటిమీదే ఆరబెట్టుకోకుండా మార్చేసుకోండి. తొడలు ఒరుసుకునే లావు మనుషులకి ఇది మరీ ముఖ్యం.

జలుబు చేసిందని యాంటిబయాటిక్ అడగొద్దు. జలుబుకి అది పనిచేయదు, ఈస్ట్‌ని మాత్రం లేపుతుంది. నిజంగా అవసరమై డాక్టరు రాస్తే, మీకు ప్రతిసారీ ఇలా అవుతుందని ముందే చెప్పండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

ఇదే మొదటిసారి అయినప్పుడు. గర్భంతో ఉన్నప్పుడు. పదహారేళ్ల లోపు, అరవై దాటినవాళ్లు. జ్వరం, పొత్తికడుపు నొప్పి, రక్తం, పుండు ఉన్నప్పుడు. వారం మందు వాడినా తగ్గనప్పుడు. ఏడాదిలో మూడుసార్లు, అంతకంటే ఎక్కువ వస్తే ప్రతిసారీ ట్యూబు కొనడం ఆపి షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోండి. శాంపిల్‌లోని ఫంగస్‌ని పెంచి చూసే కల్చర్ పరీక్షలో వేరే రకం కాండిడా అని తేలితే మందే మారుతుంది.

ఆడవాళ్లకి తిరుపతిలో ప్రసూతి ఆసుపత్రి, మగవాళ్లకి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ, చిత్తూరు వాళ్లకి జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ (సుఖరోగాలు చూసేది) అని బోర్డు ఉంటుంది, అక్కడ మందులు ఉచితం. తెల్లబట్టకి ఆకుపచ్చ ప్యాకెట్ ఇస్తే అందులో బ్యాక్టీరియాకి, ఫంగస్‌కి రెండిటికీ మాత్రలు ఉంటాయి. గర్భం ఉంటే ఆ ప్యాకెట్ తీసుకునే ముందే చెప్పాలి.

భార్యకో భర్తకో దురద, ఎర్రదనం ఏమీ లేకపోతే వాళ్లకి మందు అక్కర్లేదు, ఉంటే ఇద్దరూ చూపించుకోండి. తగ్గేదాకా కలయిక ఆపడం మంచిది. ఈ క్రీములు, లోపల పెట్టే మాత్రలు కండోమ్ రబ్బరుని బలహీనం చేస్తాయి, కాబట్టి ఆ రోజుల్లో కండోమ్ ఉంది కదా అని గర్భం గురించి ధీమాగా ఉండొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు లోపల మందు పెట్టుకుని వెళ్లొద్దు, శాంపిల్ సరిగా రాదు. అప్పటిదాకా పూసుకున్న ట్యూబులు, సగం వాడి పడేసినవి కూడా, కవర్లో వేసుకుని పట్టుకెళ్లండి. "ఎర్ర డబ్బా ట్యూబు సార్" అంటే అక్కడెవరికీ అర్థం కాదు.